రెండు డోర్లా, నాలుగు డోర్లా

నా చిన్నప్పుడు, ఆరో తరగతి పూర్తయిన వేసవిలో ఒక శనివారం ఉదయం, మా వాకిట్లో ఎవరెవరు ఉన్నారో, ఏమేం ఉన్నాయో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఒకే రకం పాత కార్లు రెండు. ఎర్రదానికి రెండు డోర్లు, మీగడ రంగుదానికి నాలుగు. వాటిని బాగుచేసి కొత్తపేట నుంచి తెచ్చిన మెకానిక్ గారు, రెండో కారు నడుపుకుంటూ ఆయన వెనకే వచ్చిన మా పెదనాన్న. అరుగు మీద పడక్కుర్చీలో మా తాతయ్య. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, కుడికాలు చాపుకుని మా మామ్మ. నోటుబుక్కు పట్టుకుని నేను.

కారు కొనాలనుకున్నది మామ్మ కోసమే. క్రిస్మస్‌కి ముందు కాలవ రేవులో జారిపడింది. ఎముక అతుక్కుంది కానీ కుడి మోకాలు సరిగ్గా మడత పడటం మానేసింది. మా చర్చి పక్క ఊళ్లో ఉంది. ఆటోలో ఆ కాలు పెట్టుకోవడానికి చోటు చాలదు, గతుకుల్లో నొప్పి ఓర్చుకోలేదు. అలా ఐదు నెలలుగా మామ్మ చర్చికి వెళ్లలేదు. పాస్టరుగారే అప్పుడప్పుడు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లేవారు. ఆయన వెళ్లిపోయాక కూడా మామ్మ బైబిలు ఒళ్లోనే పెట్టుకుని కూర్చునేది.

మా తాతయ్య లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఏ సంగతైనా కాగితం మీద పెట్టి చెప్పమనేవారు. ఆ అలవాటు ఇంట్లో నాకొక్కడికే అంటింది. రెండు కార్ల చుట్టూ తిరిగి, నోటుబుక్కులో నిలువుగా గీత గీసి, ఒక్కొక్కటే రాశాను. రెండు డోర్ల కారుకి ఏడు పాయింట్లు వచ్చాయి. డోర్లు తక్కువైతే గడగడలు తక్కువ. తాళాలు తక్కువ. డోరు అంచుల రబ్బరు తక్కువ కాబట్టి వానకి కారడం తక్కువ. వెనక డోరు లేదు కనుక నాలాంటి పిల్లలు నడుస్తున్న కారులోంచి పడిపోరు. పక్కన రేకు కొయ్యలేదు కనుక బాడీ గట్టిగా ఉంటుంది. ఉన్న డోరు పొడుగ్గా ఉంది కాబట్టి మామ్మ ముందు సీట్లో సుఖంగా కూర్చోవచ్చు. ఏడోది పెట్రోలు ట్యాంకు మూత గురించి. అదేమీ గొప్ప పాయింటు కాదు. అసలు ఏడోది ఎరుపు రంగు, అది రాయడానికి సిగ్గేసింది. నాలుగు డోర్ల కారుకి రెండే వచ్చాయి.

తాతయ్య కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క పాయింటు పక్కన టిక్కు పెట్టుకుంటూ వెళ్లారు. ఆరోదాని దగ్గర ఆగి, మామ్మని ముందు కూర్చుంటావా అని అడిగారు. మామ్మ నవ్వేసింది.

“మిమ్మల్ని వెనకాల కూర్చోబెట్టి నేను ముందు కూర్చుంటానా అండి? చర్చి దగ్గర దిగితే జనం కారుని చూస్తారా, నన్ను చూస్తారా?”

తనకేమీ అభ్యంతరం లేదని తాతయ్య అన్నారు. మామ్మ తల అడ్డంగా ఊపింది. పోనీ ఈ రెండిట్లో ఏది బాగుందో చెప్పమంటే, ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పింది, తనకి ఏదైనా ఒకటేనని. ఒకసారి ఎక్కి చూడమంటే ఇప్పుడు కాదంది. మెకానిక్ గారి ముందు కాలు ఈడ్చుకుంటూ ఎక్కడం ఇష్టం లేదని పెద్దవాళ్లకి తెలిసే ఉంటుంది. నాకు తెలియలేదు. నేను నోటుబుక్కు తీసుకుని, రెండు వైపులా మామ్మ పేరు రాసి, కింద సున్నా వేసి తాతయ్యకి ఇచ్చేశాను. ఆరో పాయింటు కొట్టేసినా ఎర్ర కారే గెలుస్తోంది. తాతయ్య కూడా దానివైపే మొగ్గుతున్నారు.

మా పెదనాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆటల్లో దెబ్బలు తగిలిన పిల్లలకి కట్టు కట్టడానికి ఇంట్లో ఎప్పుడూ ఒక సంచీ ఉండేది. ఆ సంచీ తెచ్చి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నా కుడి మోకాలికి రెండు వైపులా వెదురు బద్దలు పెట్టి గట్టిగా గుడ్డ చుట్టారు.

“నీ లెక్కలో తప్పు లేదురా. ఎక్కి చూడ్డం ఒక్కటే మిగిలింది.”

నాకది ఆటలాగే అనిపించింది. పెదనాన్న ఎర్ర కారు ముందు సీటు మడిచి, వెనక్కి వెళ్లమన్నారు. ఎడమకాలు ముందు పెడితే కట్టిన కాలు బయటే ఉండిపోయింది. కట్టిన కాలు ముందు పెడితే వంగడానికి వీల్లేదు. చివరికి వీపు తిప్పి, వెనక్కి పడి, కాలిని రెండు చేతులతో లోపలికి లాక్కున్నాను. మెకానిక్ గారు మర్యాదగా కొబ్బరిచెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. కష్టమే కానీ అలవాటైతే సాధ్యమేనని మనసులో రాసుకున్నాను.

అప్పుడు పెదనాన్న సీటు మామూలుగా వేసి, దాంట్లో కూర్చుని, డోరు మూసేశారు. కిటికీలోంచి మెకానిక్ గారితో మురమళ్ళలో జరగబోయే కబడ్డీ పోటీల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. కాసేపు చూసి, దిగుతానన్నాను. దిగుదువుగానిలే అన్నారు. కోపంగా ఏమీ కాదు, మామూలుగానే అన్నారు. మళ్లీ కబడ్డీలోకి వెళ్లిపోయారు.

నా పక్కన డోరు లేదు. చేత్తో తోద్దామంటే ముందు సీటు వీపూ, దానిమీద ఒక పెద్దమనిషీ. మొదటిసారి అడగడం సులువే. రెండోసారి అడగడానికి నోరు రాలేదు. వాళ్ల మాటలకి అడ్డం వెళ్తానేమో, విసుక్కుంటారేమో అనిపించింది. దిగాల్సిన పనే లేనట్టు ముఖం పెట్టుకుని కూర్చున్నాను. ఆ ముఖం నాకు బాగా తెలుసు. పడినప్పటి నుంచి మామ్మ మంచినీళ్లు కావాలని అడగడం నేనెప్పుడూ వినలేదు. ఎవరైనా వంటింటి వైపు వెళ్తుంటే, వచ్చేటప్పుడు కాసిని తెమ్మనేది. ఎవరూ వెళ్లకపోతే ఊరుకునేది. ఈ కారు కొంటే రెండో ఆదివారమో, మూడో ఆదివారమో, తనకి ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంట్లోనే ఉండిపోతుంది. మేమూ నమ్మేస్తాం.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. చేతికర్ర చప్పుడు వినిపించింది. మామ్మ మెట్టు దిగి కారు దగ్గరికి వచ్చింది.

“చాల్లే, వాణ్ణి దింపు. నా మోకాలు వాడికి కట్టేవేంట్రా?”

“కట్టకపోతే నువ్వు చెప్పవు కదమ్మా” అన్నారు పెదనాన్న.

మామ్మ ఆయన్ని దిగమని కర్రతో సైగ చేసింది. నేను దిగేదాకా నిలబడి, తరవాత మీగడ రంగు కారు దగ్గరికి నడిచింది. వెనక డోరు తనే తెరిచింది. మొదట సీటు మీద కూర్చుని, కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది. డోరు వేసుకుంది. మళ్లీ తీసింది. కాలు బయటపెట్టి, కర్ర ఊతంతో లేచి నిలబడింది. ఇదంతా చాలాసేపు పట్టింది. సాయానికి ఎవరూ కదలలేదు. ఒక అడుగు వేయబోయిన మెకానిక్ గారిని పెదనాన్న చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఇదైతే ఎవరినీ లేపకుండా నా అంతట నేను దిగుతానండి” అంది మామ్మ, తాతయ్యతో.

తాతయ్య మీగడ రంగు కారే తీసుకుంటామన్నారు. నోటుబుక్కు నాకు ఇచ్చేసి, మెకానిక్ గారికి కాఫీ తెమ్మని లోపలికి కేక వేశారు. మర్నాడు ఆదివారం. చర్చి దగ్గర కారు ఆగగానే, ముందు సీట్లో తాతయ్య ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, మామ్మ దిగి నిలబడింది.

ఇప్పుడు నేను అమలాపురంలో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. కొలతలు, గాలి, వెలుతురు అన్నీ సరిచూసుకున్నాక, ఆ ప్లాను ఎవరికీ చూపించకముందు ఇంకో జాబితా రాస్తాను. ఈ ఇంట్లో ఎవరు, దేనికోసం, ఎవరిని పిలవాల్సి వస్తుంది? బాత్రూముకి వెళ్లడానికి ఇంకొకరి గది దాటాలా? లైటు వెయ్యడానికి మంచం దిగి నాలుగడుగులు నడవాలా? ఇంటివాళ్లని అడిగితే వీటికి జవాబు దొరకదు. ప్లాను మీద వేలు పెట్టుకుని, ఆ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిలా గదిగదీ తిరగాలి. కిందటి వారం గీసినదాంట్లో అలాంటివి తొమ్మిది తేలాయి. రెండుసార్లు మార్చి గీశాను. ఇంకా రెండు ఉన్నాయి.