రిపోర్టులో పద్దెనిమిది

రాజాంలో నేను పనిచేసిన ల్యాబు మెట్ల కింద సంత రోజున ఎండుచేపలు అమ్మేవాళ్ళు కూర్చునేవారు. మాది కిరాణా కొట్టు ఇల్లు, చేప వంటింట్లోకి రాదు. వాళ్ళలో ఒకావిడ నన్ను చూస్తే చాలు, "షావుకారమ్మా, ముక్కు మూసుకో, బుట్ట విప్పుతన్నాను," అని నవ్వేది. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. నేను పిన్ని అనేదాన్ని. ఆవిడకీ నాకూ ఉన్న సంబంధమంతా ఈ ఎగతాళే. అందుకే ఆ రోజు బుట్ట లేకుండా, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చినప్పుడు వెంటనే పోల్చుకోలేకపోయాను.

కూతురికి ఏడో నెల. అల్లుడు గుజరాత్ వైపు బోటు మీదున్నాడు. పిల్లకి వారంగా జ్వరం, వాంతులు. నాలుగు రోజులుగా కళ్ళు పచ్చబడ్డాయి. ఎదురుగా ఉన్న నర్సింగ్ హోమ్ డాక్టరు గారు చీటీ రాసి పంపారు, వెనకే నాకు ఫోన్ కూడా చేశారు. "ఎస్‌జీపీటీ బాగా పెరిగి ఉంటే ఇక్కడ ఉంచను, విశాఖ పంపించేస్తాను. కడుపుతో ఉన్న పిల్లకి ఈ కామెర్లు ముదిరితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. తొందరగా చూడమ్మా," అన్నారు.

ఎస్‌జీపీటీ అంటే కాలేయం కణాల్లో ఉండే ఒక ఎంజైము. కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చేస్తుంది. అది ఎంతుందో నేరుగా చూడలేం, ఎంత వేగంగా పనిచేస్తోందో చూసి లెక్క కడతాం. రక్తాన్ని మిషన్లో గిరగిరా తిప్పితే పైకి తేరే సీరంలో రవ్వంత తీసి రీఏజెంటు అనే పరీక్ష మందులో కలుపుతాం. ఎంజైము పనిచేసే కొద్దీ ఆ మందు ఖర్చవుతూ ఉంటుంది. ఎనలైజరు ఒక నిమిషం ఊరుకుని, తర్వాత మూడు నిమిషాలు ఆ తరుగుదలని కనిపెట్టి చూస్తుంది. మందు త్వరత్వరగా తరిగితే అంకె పెద్దదిగా వస్తుంది. నాకు ఈ పనిలో చెయ్యి తిరిగిందని పొగరుండేది. ఉండేది ఏమిటి, ఇప్పటికీ ఉంది.

సూది గుచ్చుతుంటే ఆ పిల్ల చెయ్యి కూడా లాక్కోలేదు. మాటలన్నీ తల్లివే. "బేగి కానియ్యమ్మా. కామెర్లకి పసరు పోసే ఆయన మద్దేనం దాకే ఉంటాడంట. పొద్దుట్నుంచి దీన్ని పస్తుంచేను. ఇంగిలీసు మందు పడితే పసరు పనిసెయ్యదంటన్నారు." ముందు రిపోర్టు చూసి మాట్లాడదాం, కూర్చో పిన్నీ అన్నాను. అన్నాను అనేకంటే కసిరాను అనడం నిజం. ఆ పూట వరండా నిండా జనం.

మా ఎనలైజరు సెకండ్ హ్యాండుది. బుడగ వచ్చినా కీచుమంటుంది, కరెంటు తగ్గినా కీచుమంటుంది, ఉత్తినే కూడా కీచుమంటుంది. దాని అరుపు వినబడగానే మీట నొక్కేసి ముందుకు పోవడం మాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆ పిల్ల సీరం పెట్టినప్పుడూ కీచుమంది. నేను నొక్కేశాను. కామెర్ల పచ్చదనం కొలిచే బిలిరుబిన్, ఒకటి దాటకూడనిది, పన్నెండు వచ్చింది, కళ్ళు చూస్తేనే తెలుస్తున్న సంగతే. ఎస్‌జీపీటీ మాత్రం పద్దెనిమిది. నలభై లోపు ఎంతున్నా మామూలే. నాకూ కొంచెం వింతగానే అనిపించింది. కానీ వింతల గురించి ఆలోచించే తీరిక లేక సంతకం పెట్టేశాను.

పిన్ని కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "కళ్ళు అంత పచ్చగున్నాయి, నెంబరు బాగుండడమేటమ్మా? సరిగ్గా సూసేవా?"

"నీకు తెలుసా, నాకు తెలుసా? మిషన్ అబద్ధం ఆడదు," అన్నాను.

నలుగురిలో అలా అనేసరికి ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను తర్వాతి వాళ్ళ నెత్తురు గొట్టం అందుకున్నాను.

డాక్టరు గారు రిపోర్టు చూసి ఆశ్చర్యపోయారట. అయినా పిల్లని రెండు రోజులు మంచం మీద ఉంచి మళ్ళీ పరీక్ష చేద్దామన్నారట. పిన్నికి అందులో వినబడింది నేనిచ్చిన అంకె ఒక్కటే. నెంబరు బాగుంటే మంచమెందుకని కూతుర్ని తీసుకుని బస్సు కాంప్లెక్సు దారి పట్టింది.

గంట గడిచింది. ఉద్యోగం కోసం పరీక్షలు చేయించుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాడి సీరం పెట్టాను. వరండాలో జనం పలచబడ్డారు కాబట్టి తెర వంక చూస్తూ కూర్చున్నాను. మందు తరుగుదల చూపించే గీత పైన మొదలై మెల్లగా కిందికి దిగుతోంది. మంచి కాలేయం గీత అలాగే దిగుతుంది. ఆ పిల్ల గీత ఎలా దిగిందో గుర్తు తెచ్చుకోబోయాను. అది అసలు దిగినట్టే లేదు. మిషన్లో దాచి ఉన్న రీడింగులు వెనక్కి తిప్పి చూశాను. గీత మొదలవడమే అడుగున మొదలైంది, అక్కడే చదునుగా పడి ఉంది.

చదువుకునే రోజుల్లో చెప్పిన పాఠమే అది. ఎంజైము మరీ విపరీతంగా ఉంటే, మిషన్ చూడ్డం మొదలుపెట్టకముందే ఆ ఒక్క నిమిషంలో మందంతా తినేస్తుంది. ఇక తరగడానికి ఏమీ ఉండదు. తరుగు లేదు కాబట్టి మిషన్ చిన్న అంకె చూపిస్తుంది. అలాంటప్పుడు సీరాన్ని సెలైనుతో పలచబరిచి మళ్ళీ పెట్టాలి. రెండింతలు పలచబరిచాను. గీత మళ్ళీ అడుగునే. యాభై ఇంతలు చేశాను. అప్పుడు దిగింది. వచ్చినదాన్ని యాభైతో హెచ్చిస్తే మూడు వేలు దాటింది.

మా ఓనరుకి చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేశాడు. "రిపోర్టు తప్పని రోడ్డు మీద సెప్తావేటి? ల్యాబు పేరు పోద్ది. రేపు మళ్ళీ రమ్మని ఫోన్ సెయ్యి."

"రేపటికి ఆ పిల్ల ఉంటాదో లేదో మీరు సెప్పగలరా?" అని అరిచాను. కోపం వస్తే నాకు ఇంటి భాష వచ్చేస్తుంది. డాక్టరు గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "బస్సు కాంప్లెక్సు వైపు పోయారు, వెంటనే పట్టుకో, అంబులెన్సు నేను పిలుస్తాను," అన్నారాయన. పిన్ని నంబరుకి చేస్తే స్విచాఫ్. స్కూటీ తీశాను. సంత జనం మధ్య ఆ కాస్త దూరం తెమలడం లేదు. హారను కొడుతూ, ఎవరెవరినో తిడుతూ పోయాను.

పసరు పోసే ఆయన ఊరి బస్సు ఇంకా కదల్లేదు, ఇంజను ఆడుతోంది. కిటికీ పక్కన ఆ పిల్ల తల వాల్చి ఉంది. లోపలికెక్కి, "పిన్నీ, దిగండి. నెంబరు తప్పు. లివరు బాగా దెబ్బతింది, విశాఖ పోవాలి," అన్నాను.

ఆవిడ కదల్లేదు. "ఇందాక బాగున్నాదన్నావు. ఇప్పుడు బాగోనేదంటన్నావు. ఏది నమ్మాల?"

వెనక సీటాయన, "ఎందుకమ్మా బెదరగొడతావు? పసరు పడితే మూడు రోజుల్లో పోద్ది," అన్నాడు. కండక్టరు విజిలు నోట్లో పెట్టుకున్నాడు. మిషన్ పాడైపోయింది అనేద్దామని నోటి చివరిదాకా వచ్చింది. అంటే పని జరిగేదేమో కూడా.

"మిషన్ సరిగ్గానే అరిచింది. నేనే వినిపించుకోలేదు. నువ్వు అడిగింది న్యాయం పిన్నీ, దానికి నీ మీద ఎగిరాను. తప్పు నాది. పిల్లని దింపు, నీ కాళ్ళట్టుకుంటాను."

నాకు ఏడుపొచ్చేసింది. బస్సంతా మమ్మల్నే చూస్తోంది. అంతలో ఆ పిల్ల కళ్ళు తెరిచి తల్లి వంక కొత్తగా చూసింది. "నువ్వెవరు? మాయమ్మ ఏదీ?" అంది.

"ఓలమ్మో నా గుంట," అంటూ పిన్ని కూతుర్ని రెండు చేతులతో లేపింది. నేనూ ఒక పక్క పట్టుకున్నాను. ఒళ్ళు కాలిపోతోంది.

నెలన్నర తర్వాత మళ్ళీ పరీక్షకి ఇద్దరూ వచ్చారు. పిల్ల బతికింది, సగమైపోయింది. బిడ్డ దక్కలేదు. విశాఖ చేరిన రెండో రోజున ప్రాణం లేకుండానే పుట్టాడని పిన్ని చెప్పింది, నా వంక చూడకుండా. నెత్తురు తీశాను. సీరాన్ని ఒకసారి ఉన్నదున్నట్టు, ఒకసారి పలచబరిచి చూశాను. రెండుసార్లూ మామూలే వచ్చింది. ఆ సంగతి తల్లికి కాదు, ఆ పిల్లకే చెప్పాను.

కాగితం తీసుకోకుండా అడిగింది. "ఆ రోజు మొదటే సరిగ్గా సూసుంటే బతికేవాడా అక్కా?"

గంటన్నరలో తేడా ఏమీ రాదని, అప్పటికే ఆలస్యమైపోయిందని డాక్టరు గారు నాతో ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఆ మాటే చెప్పాను. ఆయన అన్నారని కూడా చెప్పాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది, నేను కళ్ళు తిప్పుకోలేదు. "సరే," అని కాగితం తీసుకుంది. నమ్మిందో లేదో నాకు తెలియదు. నేనైతే ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు.