సీసా మీది కాగితం

డెబ్బైల్లో ఒక ఎండాకాలం, గోదావరిఖని నుంచి పెద్దపల్లి వెళ్లే బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఒళ్లో ఖాళీ మందు సీసా. డోసుకో గాటు గుర్తుగా కాంపౌండరు కత్తిరించి అంటించిన కాగితం దాని మీంచి ఇంకా ఊడలేదు.

"మందు దొరకలేదా అవ్వా?"

"మా డాక్టరు మంచోడే బిడ్డా. మందులకు సర్కారు పైసలిస్తలేదట. చీటీ రాసి బయట కొనుక్కొమ్మన్నడు. కొనేటట్టయితే సర్కారు దవాఖానకెందుకు వోతం? ముసలాయన దగ్గుతోటి సస్తుండు."

దారిలో బస్సు ఆగితే ఇద్దరం దిగాం. నేను బోరింగు కొడుతుంటే అవ్వ దోసిలి పట్టలేదు, సీసా పట్టింది.

"నీళ్లెందుకవ్వా అందులో?"

"వట్టి సీస జూస్తే ఆయన భయపడ్తడు."

సీసా నిండింది. దాన్ని కళ్లెదుట పెట్టుకుని, కాగితం మీది పై గాటు దాకా ఉంచి మిగతా నీళ్లు మెల్లగా ఒంపేసింది.

"డోసు ఎక్కువైతే మంచిది కాదు" అంటూ సీసా నా చేతికిచ్చి బస్సెక్కింది.

ఒలకకుండా పట్టుకున్నాను.