కుడి కంటి చివర కోళ్ల షెడ్డు

2023 వానాకాలం. మా దీవి పట్నంలో, గోల్ ఘర్‌లో ఒక మందుల షాపు పైన నా ఆఫీసు. హోటళ్లకూ, హోమ్‌స్టేలకూ వర్చువల్ రియాలిటీ టూర్లు చేసిపెడతాను. యాప్ అక్కర్లేదు. హెడ్‌సెట్ పెట్టుకుని లింకు తెరిస్తే బ్రౌజర్‌లోనే ఆ చోట నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. నాకు మొదటినుంచీ అనుమానం ఎక్కువ. కరెంటు పోతే, మెయిన్ ఆఫ్ చేసింది ఎవరా అని మెట్ల కిందకు వెళ్లి చూసే రకం.

ఫెరార్గంజ్ నుంచి నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. ఇంటి పక్కన అతిథుల కోసం రెండు గదులు కట్టించింది. భర్త చేపల వేటకు వెళ్లేవాడు, భుజం పట్టేసి వల లాగలేకపోతున్నాడు. టూరు నచ్చితే సీజన్‌కు అతిథులను పంపుతానని విశాఖ ఏజెంటు ఒకాయన మాటిచ్చాడు. పంపకపోతే భర్త ఆ భుజంతోనే మళ్లీ బోటెక్కాలి.

నేనే వెళ్లి ఫొటోలు తీసి, పెరటిని త్రీడీ మోడల్‌గా తయారుచేశాను. కుడివైపు కంచెను ఆనుకుని ఒక కోళ్ల షెడ్డు ఉంది.

"అది మా బావగారిది భయ్యా. సీజన్‌కి తీసేత్తాడు. అక్కడ అరిటి మొక్కలేత్తాం. నువ్వు అరిటి చెట్లే పెట్టీ," అంది.

"పక్కా తీసేస్తారా దీదీ?"

"పక్కా. నీకు ఝూట్ ఎందుకు చెప్తాను?"

నాకు నమ్మకం కుదరలేదు. అయినా షెడ్డుకు అడ్డంగా అరటి చెట్ల బొమ్మలు నిలబెట్టి లింకు పంపాను.

మర్నాడే ఏజెంటు ఫోన్ చేశాడు. "మీరేదో దాస్తున్నారండీ. కుడి కంటి చివర కోళ్ల షెడ్డు కనిపిస్తోంది. అటు తిరిగితే అరటి చెట్లు. కుడి కన్ను మూస్తే షెడ్డే లేదు. ఏ కంటిని నమ్మమంటారు?"

తప్పించుకోవడానికి వంక వెతుకుతున్నాడనుకున్నాను. తర్వాత ఆయన హెడ్‌సెట్‌ను అనుమానించాను. ఆ తర్వాత షాదీపూర్‌లో ఇదే పని చేసే ఒకతను నా సర్వర్‌లో చెయ్యి పెట్టాడేమోనని పాస్‌వర్డ్ మార్చాను. చివరికి హెడ్‌సెట్ పెట్టుకుని చూస్తే ఆయన చెప్పిందే నిజం.

మన కళ్లు రెండూ కాస్త ఎడంగా ఉంటాయి కాబట్టే లోతు తెలుస్తుంది. అందుకే బ్రౌజర్ ప్రతి ఫ్రేములోనూ కంటికొక వ్యూ ఇస్తుంది, సీనును రెండుసార్లు గీయాలి. పని తగ్గించడానికి చూపుకు అందని వస్తువులను వదిలేస్తాం. దీన్ని కల్లింగ్ అంటారు. నా కోడ్ ఆ లెక్క ఎడమ కంటికి మాత్రమే వేసి, దాన్నే కుడి కంటికీ వాడుతోంది. కుడి కన్ను కుడివైపు ఇంకాస్త ఎక్కువ చూస్తుంది. ఆ కాస్తలో ఉన్న అరటి చెట్లు ఎడమ కంటికి అందవు కాబట్టి కుడి కంటికీ గీయడం లేదు. షెడ్డు మాత్రం పెరటి మోడల్‌లోనే కలిసి ఉంది, ఎక్కడికీ పోదు.

రెండు కళ్లకూ కలిపి లెక్క వేయించాను. షెడ్డు పూర్తిగా మాయమైంది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. తప్పు దిద్దినకొద్దీ అబద్ధం నున్నగా తయారైంది. లింకు పంపకుండా బస్సెక్కాను.

షెడ్డు అక్కడే ఉంది. పైగా దాని మీద కొత్త రేకులు. తీసేసే షెడ్డుకు కొత్త రేకులు ఎవరు వేస్తారు?

"ఇదేంటి దీదీ?"

నూకరత్నం తల దించుకుంది. "బావగార్ని నాను అడగనేదు భయ్యా. ఎలగ అడుగుతాను? గదులేసిన జాగా ఆయనిచ్చిందే. కోళ్లు కనపడితే ఏజెంటు వద్దంటాడని బయమేసింది."

కోపం పోలేదు, జాలి కూడా వేసింది. దిద్దక ముందున్న టూరు తెరిచి హెడ్‌సెట్ ఆమె తలకు పెట్టాను. తన పెరటిని అందులో చూడటం ఆమెకు అదే మొదటిసారి. అటూ ఇటూ తిరిగింది. ఒక కన్ను మూసి చూస్తానంది, చూసింది. తర్వాత హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టింది.

"చెట్లు తీసీ భయ్యా. వచ్చినోళ్లకి కళ్లే గాదు గదా, ముక్కు కూడా ఉంటాది."

చెట్లు తీసేసి పంపాను. "ఇంకేమైనా ఉందాండీ?" అని ఏజెంటు గుచ్చి గుచ్చి అడిగాడు. లేదన్నాను. నమ్మినట్టు లేదు. అయినా సీజన్‌లో ముందుగా ఒక జంటను పంపాడు, చూసి చెప్పమని. ఆ రోజు నూకరత్నం భర్త బోటెక్కలేదు. బాగున్న భుజానికి వాళ్ల బ్యాగు తగిలించుకుని రోడ్డు మీద నుంచి ఇంటికి తీసుకొచ్చాడట.

ఇప్పుడు ఏ సీనైనా అప్పగించే ముందు ఒక్కో కన్నూ మూసి చూస్తాను. రెండు కళ్లూ ఒకే మాట చెబితే కోడ్ సరిగ్గా ఉన్నట్టు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే మాత్రం బస్సెక్కాల్సిందే.