గుండుతో దాటిన సరిహద్దు

నేను ఒక మనిషిని చంపి నేపాల్‌లోకి వెళ్ళాను. ఆ మనిషి మా నాయన. ఈ ముక్క రాస్తున్న సమయానికి ఆయన వరండాలో కూర్చుని వక్కాకు నములుతూ, నా గురించి ఏం రాస్తున్నావురా అని రెండుసార్లు అడిగాడు కూడా. అందుచేత మీరు పోలీసులకు ఫోన్ చేయాల్సిన పనిలేదు. జరిగిన అనర్థం మాత్రం చిన్నది కాదు. మొత్తం విన్నాక నన్ను తిట్టాలో మెచ్చుకోవాలో మీరే తేల్చుకోండి. నేనైతే ఏడేళ్ళుగా మెచ్చుకుంటూనే ఉన్నాను.

మాది బంగారుపాళ్యం పక్కన ఒక పల్లె. నాయన పాతికేళ్ళు లారీ తోలాడు. మా వైపు మామిడికాయలు నాగపూర్, ఢిల్లీ మండీలకు చేర్చడం ఆయన పని. ఒకసారి గోరఖ్‌పూర్‌లో సరుకు దించాక, పొరుగుదేశం ఇంత దగ్గరుంటే చూడకుండా ఎలా వస్తామని లారీని సరిహద్దు గేటు దాకా తోలుకెళ్ళాడు. లారీకి పర్మిట్ లేదన్నారు. దిగి నడిచి వెళ్ళొచ్చు, ఎవరూ ఆపరు. కానీ బండి పోలేని చోటికి డ్రైవరు పోకూడదని ఆయన పట్టుదల. గేటు ఇవతల నిలబడి ఒక టీ తాగి, వెనక్కి తిప్పుకొచ్చేశాడు. ఆ టీ గురించి మా ఇంట్లో విన్నన్నిసార్లు నేను బళ్ళో ఎక్కాలు కూడా వినలేదు.

"దూరంగా కొండలు కనపడతా ఉన్యాయి రా. నాలుగు చక్రాలు ఒక చుట్టు తిరిగింటే సాలు, పొరుగుదేశం. తిరగలేదు," అనేవాడు ప్రతిసారీ చివర్లో.

లారీ మానేశాక ఆయన ఒక మోటారు సైకిలు కొనుక్కున్నాడు. శుక్రవారం శుక్రవారం దానికి మాకంటే శ్రద్ధగా స్నానం చేయించేవాడు. మోకాళ్ళు మొండికేయడంతో ఇక దాన్ని అమ్మేస్తానని ఒకరోజు ప్రకటించాడు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగం, మిగతా ఏడాదంతా హైవే పక్కన టీ అంగడిలో గొప్పలు చెప్పుకోవడం. ఆ గొప్పల ఊపులోనే, అమ్మే ముందు ఆ బండిని నేపాల్ గేటు దాటించి తీసుకొస్తానని నాయనతో అనేశాను.

ఆయన నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూశాడు. "సిత్తూరికి పోయొచ్చే లోపల రెండుసార్లు పెట్రోలు అయిపోగొట్టుకుంటావు. నువ్వా నేపాలు పొయ్యేది?"

"పోతా నాయనా."

"సరే, దాటిస్తే బండి నీది. దాటకుండా వచ్చినావా, వచ్చిన దినమే అమ్మేస్తా."

మాటయితే అలా వెటకారంగానే అన్నాడు గానీ, ఆ రోజు నుంచి ఆయనే మెకానిక్ దగ్గరికి తిరిగి గొలుసు మార్పించాడు, టైర్లు వేయించాడు. ఆయన ఆశ ఏమిటో నాకు అర్థమైంది. తను దాటకపోయినా తన పేరున్న బండి దాటాలి. అంతే.

ఇక్కడే అమ్మ రంగంలోకి దిగింది. నేను క్షేమంగా తిరిగొస్తే తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. లోకంలో ఎవరైనా పని అయ్యాక మొక్కు తీరుస్తారు. మా అమ్మకు నా మీద అంత నమ్మకం లేదు.

"ముందే ఇచ్చెయ్‌రా. పోయినోడివి ఆడనే యాడన్నా కొండల్లో కూసుంటే, నేనెవర్ని పట్టుకొని గుండు గీయించేది?" అంది.

స్వామికి అడ్వాన్సు చెల్లించిన భక్తుణ్ణి చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. జుట్టుతో పాటు, మూడేళ్ళు ఎరువేసి పెంచినంత జాగ్రత్తగా పెంచిన మీసం కూడా ఇచ్చేశాను. దేవుడికి సగం సగం ఇవ్వకూడదని అమ్మ ఆజ్ఞ. మర్నాడు నున్నటి గుండు మీద హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాను.

గుండు గురించి మీకొక మాట చెప్పాలి. మా తిరుపతి, చిత్తూరు వైపు గుండు చూసి ఎవరూ ఏమీ అడగరు. బస్సులో పదిమంది ఎక్కితే నలుగురికి గుండే. బ్యాంకు మేనేజరుకు గుండు, పెళ్ళి కుదిరినవాడికి గుండు, ఆర్నెల్ల పాపకు గుండు. గుండంటే కొండకు వెళ్ళొచ్చాడని తప్ప మరో అర్థం ఉంటుందని మా బుర్రకు తట్టదు. ఆ తట్టకపోవడమే నా కొంప ముంచింది.

కర్నూలు దాకా హెల్మెట్ తీస్తే, కొండకు పోయొచ్చినావా అని పలకరించారు. నాగపూర్‌లో ఎవరూ ఏమీ అనలేదు. జబల్‌పూర్ దాటాక మాత్రం నాకు మర్యాదలు మొదలయ్యాయి. ఒక ధాబాలో ముసలాయన వచ్చి నా భుజం తట్టి మౌనంగా వెళ్ళిపోయాడు. పెట్రోలు బంకులో ఒకాయన తన వరుస వదులుకుని నన్ను ముందుకు పంపాడు. చాయ్ అంగడిలో నా ఎదుట గట్టిగా నవ్వుతున్నవాళ్ళు నవ్వాపేశారు. తిరుపతి నుంచి బండి మీద వచ్చిన వీరుడికి ఉత్తరాదిలో ఇంత గౌరవమా అని నేను ఛాతీ విరుచుకుని, ఇంకాస్త గంభీరంగా ముఖం పెట్టి తిరిగాను. మీరు నవ్వుతున్నారు. నవ్వండి.

ఆరో రోజు మధ్యాహ్నానికి సరిహద్దు చేరాను. నాయన టీ తాగింది ఎక్కడై ఉంటుందా అని వెతికి, ఏదో ఒక అంగడి ముందు ఆగి నేనూ ఒకటి తాగాను. తర్వాత గేటు దాటి, బండికి పర్మిట్ రాసే కిటికీ ముందు నిలబడ్డాను. లోపల నాయన వయసు ఉద్యోగి ఒకాయన కళ్ళజోడు సర్దుకుని నా కాగితాలు చూశాడు. బండి కార్డు మీద ఒక పేరు, నా లైసెన్సు మీద ఇంకో పేరు. బండి ఎవరిదని హిందీలో అడిగాడు. నాన్నదన్నాను. ఆయన రాసిచ్చిన ఉత్తరమేదీ అన్నాడు.

ఉత్తరమా? గొలుసు మార్పించాడు, టైర్లు వేయించాడు, అమ్మ ఆవకాయ కట్టింది, గుండు గీయించింది. ఉత్తరం ఒక్కటే ఎవరికీ తోచలేదు. ఫోన్‌లో తెప్పిస్తానన్నాను. ఫోన్‌లోది చెల్లదు, సంతకమున్న అసలు కాగితం కావాలన్నాడాయన. రెండువేల కిలోమీటర్లు వచ్చి, నాయన ఆగిన చోటే నేనూ ఆగిపోయాను. ఒక టీ తాగి వెనక్కి తిరగడమే తరువాయి. టీ కూడా అప్పటికే తాగేశాను.

నా ముఖం ఎలా వాడిపోయిందో గానీ, ఆయన నా వంక పరీక్షగా చూశాడు. తన తల తడిమి చూపిస్తూ, ఎన్ని రోజులైందని అడిగాడు. వారమైందన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పితాజీ?" అంటూ చెయ్యి మెల్లగా పైకి లేపాడు.

ఆ చెయ్యి ఎటు లేచిందో నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఏడేళ్ళుగా అందరికీ చెబుతున్నాను గానీ, మీ దగ్గర దాపరికమెందుకు? ధాబా ముసలాయన, బంకు మనిషి, ఆగిపోయిన నవ్వులు, అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చాయి. ఆ ప్రాంతాల్లో కొడుకు మీసంతో సహా తల గొరిగించుకుంటే తండ్రి పోయాడని అర్థం. నాకొచ్చిన హిందీ మొత్తం పోస్టుకార్డు మీద రాస్తే చిరునామాకు ఇంకా చోటు మిగులుతుంది, నిజమే. అయినా తిరుపతి అనే ఒక్క మాట చాలు, అది ఎక్కడైనా పని చేస్తుంది. నేను ఆ మాట అనలేదు. నోటితో ఒక్క అబద్ధమూ ఆడలేదు. తల దించుకున్నాను, అంతే.

ఆయన లేచి బయటికొచ్చాడు. తండ్రి లేనప్పుడు కొడుకే యజమాని, ఉత్తరం ఎవరు రాస్తారులే అన్నాడు. మూడు రోజుల పర్మిట్ తన చేత్తో రాసిచ్చాడు. ఆయన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, ఆగలేదు. దుఃఖంలో ఉన్న పిల్లవాడు ఎక్కడపడితే అక్కడ తినకూడదని, అక్కడికి దగ్గర్లోనే భోజనశాల నడిపే తన చెల్లెలికి ఫోన్ చేసి నా సంగతంతా చెప్పేశాడు. నాకంటే ముందే నా తండ్రి మరణవార్త నేపాల్‌లోకి వెళ్ళిపోయింది.

అయినా ఆ క్షణాన నాకేమీ పట్టలేదు. బండి అవతలికి దాటింది. ఏపీ 03 నంబరు పలక, దాని వెనక పరాయి దేశపు బోర్డులు. ఇన్నేళ్ళూ నాయన చెప్పిన కొండలు లీలగా ఎదురుగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. దారినపోయేవాళ్ళు నా గుండు చూసి, ఏడవనీలే పాపం అనుకుని ఉంటారు.

భోజనశాలలో ఆ చెల్లెలు నా కోసం ఎదురు చూస్తోంది. యాభై దాటిన మనిషి, నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుంది. నేను ఆకలి మీద ఉన్నాను. పక్క బల్ల మీద మాంసం కూర ఘుమఘుమలాడుతోంది. దానివైపు వేలు చూపించబోతే ఆమె నా వేలు కిందికి దించి, ఒక మూల చాప పరిచింది. తండ్రి పోయిన కొడుకు వాళ్ళ పద్ధతిలో పదమూడు రోజులు ఉప్పు ముట్టకూడదు. నెయ్యి వేసిన తెల్లన్నం, ఒక పూట. ఊరిబిండి పచ్చడిలో కారం చాలలేదని అలిగి లేచిపోయే వంశం మాది. అమ్మ కట్టిన ఆవకాయ సంచిలోనే ఉంది. తీసే ధైర్యం లేదు.

ఆమె అన్నం తెచ్చేలోపు నాయనకు వీడియో కాల్ చేశాను. ఫోన్‌ను బయట నిలబెట్టిన బండి వైపు తిప్పాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "దాటింది గదరా," అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

సరిగ్గా అప్పుడు ఆమె కంచంతో వచ్చి ఫోన్‌లోకి తొంగి చూసి, ఎవరని అడిగింది. నిజం చెబితే పర్మిట్ పోతుంది, బండి గేటు ఇవతలికి వచ్చేస్తుంది. "చాచా," అన్నాను. నాయన ఎదుటే నాయనను చిన్నాన్నను చేశాను. పాతికేళ్ళు ఢిల్లీ మండీలో హిందీలో కేకలు వేసి బేరాలాడిన మనిషి ఆయనన్న సంగతి నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని, మీ అన్నగారు పోయారట, ఎంత కష్టం వచ్చిందండీ అని పరామర్శించింది. అవతల నాయన కనుబొమలు పైకి లేచాయి. ఏ అన్నగారని అడిగాడు. ఈ బండి యజమాని అంది ఆమె. నాయన ఆమె ముఖం చూశాడు, పక్కనే నా గుండు చూశాడు. నేను రెండు చేతులూ జోడించి చూపించాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

అవునమ్మా, అలాంటి మనిషి మళ్ళీ పుట్టడు, అని మొదలుపెట్టాడు నాయన. తన మంచితనం, తన లారీ నడిపే నేర్పు, తన నిజాయితీ గురించి ఐదు నిమిషాలు ఆపకుండా చెప్పుకున్నాడు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. చివర్లో నాకు అర్థమైంది ఒకే మాట, "నమక్". ఆ మాట నాలుగుసార్లు వచ్చింది. ఆ తర్వాత ఫోన్ నా చేతికొచ్చింది.

"రేయ్," అన్నాడు తెలుగులో, చాలా మెల్లగా. "నా దినాలు బాగా జెయ్. ఉన్నన్ని దినాలూ ఉప్పు పెట్టొద్దని జెప్పినా. నేలమీదనే పండుకో. మాట తప్పినావంటే బండీ లేదు, ఇల్లూ లేదు."

మూడు రోజులు. పగలంతా కొండ దారుల్లో బండి తోలడం, రాత్రికి ఆమె దగ్గరికే వచ్చి చాప మీద కూర్చుని చప్పిడన్నం తినడం. మధ్యలో ఎక్కడైనా కాకా హోటల్లో కక్కుర్తి పడదామంటే, నా గుండు చూసి ప్రతివాడూ ఉప్పు డబ్బా పక్కకు జరిపేవాడు. ఆమె మాత్రం సొంత కొడుకును చూసినట్టు చూసింది. నాకు నిజంగా సిగ్గేసింది. తిరిగి వచ్చే రోజు ఒక రుద్రాక్షమాల నా చేతిలో పెట్టి, నాన్నగారి పటానికి వెయ్యమంది. తీసుకున్నాను. ఇంకేం చేస్తాను?

ఇల్లు చేరగానే మాల నాయన చేతికిచ్చాను. "పటానికెందుకు, మనిషే ఉండాడు గదా," అని మెడలో వేసుకున్నాడు. ఆ రోజే ఆ భోజనశాల ఆమెకు ఫోన్ చేసి అసలు సంగతి తానే చెప్పాడు. ఆమె నన్ను తన భాషలో చాలాసేపు తిట్టిందట. తర్వాత, ఆ 'పోయిన' మనిషిని ఒకసారి తీసుకురమ్మందట.

మర్నాడు నన్ను వెనక ఎక్కించుకుని, మోకాలు నొప్పిని కూడా లెక్కచేయకుండా, తనే బండి తోలుకుంటూ కాణిపాకం తీసుకెళ్ళాడు. మా వైపు అబద్ధమాడినవాడు కాణిపాకంలో ప్రమాణం చేయలేడని నమ్మకం. దారిలో నేను, నోటితో ఏమీ అనలేదు నాయనా అని వాదించాను. గుడి ముందు ఆపి ఒకే మాట అడిగాడు. "తల దించినావా, లేదా?"

"దించినా."

"నన్ను సంపినావు పో. అయినా బండి దాటింది." ఆ రెండో మాట అంటూ ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. టీ అంగడిలో అప్పటికే ఆయన నా గురించి ముప్పై మందికి చెప్పాడని, చెప్పిన ప్రతిసారీ నేపాల్‌ను కాస్త దూరం జరిపాడని నాకు తర్వాత తెలిసింది.

మాట ప్రకారం బండి నాదైంది. కార్డు మీద పేరు మాత్రం మార్చనివ్వలేదు. నా పేరు పరాయి దేశం చూసొచ్చింది, దాన్ని తీసెయ్యడమేందిరా అంటాడు. దానికి బదులు హిందీలో ఒక ఉత్తరం రాసి, సంతకం చేసి ఇచ్చాడు. ఇప్పటికీ నా బండి సంచిలో ఉంది. ఈ బండి యజమాని బతికే ఉన్నాడు, దీన్ని తీసుకొచ్చినవాడు ఆయన కొడుకే, వీడు ఎంత తల దించుకున్నా నమ్మవద్దు. అంతే ఉంది అందులో.

ఆ రోజు వరసిద్ధి వినాయకుడి ఎదుట, రుద్రాక్షలేసుకున్న పరలోకవాసి పక్కన నిలబడి నేను చేసిన ప్రమాణం మీరూ వినండి. ఇక ఈ జన్మలో ఏ దేశపు గేటు ముందూ, గుండు ఉన్నా లేకున్నా, తల దించను. ఎవరు అడిగినా అడక్కపోయినా, మా నాయన నిక్షేపంగా ఉన్నాడని మొదటి మాటగా చెబుతాను. ఎప్పటికైనా ఆయన్ను వెనక ఎక్కించుకుని ఆ గేటు దాటించాలని కూడా ఆ రోజే మొక్కుకున్నాను; ఏడేళ్ళకు అది వచ్చే ఏడు తీరబోతోంది. జుట్టు మాత్రం ఈసారి తిరిగొచ్చాకే ఇస్తాను.