వెనక తలుపు తాళంచెవి

బట్టల షోరూములో ఆమెను అందరూ గొళ్ళెమ్మ అంటారు. పొద్దున్నే వచ్చి వెనక తలుపు గొళ్ళెం తీసి, తుంటితో ఒక్క తోపు తోసి, అది బార్లా తెరుచుకున్నాకే చెప్పులు విప్పుతుంది. దారికి అడ్డంగా అట్టపెట్టె కనిపిస్తే, పెట్టినవాడి ఏడు తరాలనూ తిట్టిపోస్తుంది. గతంలో ఈ షోరూములో అగ్నిప్రమాదం జరిగిన రోజు, ఇక్కడే పనిచేసే ఆమె అక్క ఆ తలుపు దగ్గరే పొగకు ఊపిరాడక చనిపోయింది. దొంగతనాల భయంతో యజమాని దానికి బయటినుంచి గొలుసు వేయించాడు మరి. తర్వాత చెల్లెలి నోరు మూయించడానికి ఉద్యోగమిచ్చాడు. ఈసారి ఏదైనా అయితే కేసు తన మెడకు చుట్టుకోకుండా, అగ్ని భద్రతకు బాధ్యురాలంటూ ఆమె పేరే గోడకెక్కించాడు.

డిస్కౌంటు అమ్మకాల రోజున ఆయన మళ్ళీ గొలుసు వేయించి, తాళంచెవి ఆమె చేతికిచ్చి, వెనక గదిలో నడుం వాల్చాడు. కాసేపటికి ఆమె ఫైర్ సైరన్ నొక్కి, జనాన్నంతా ముందు గుమ్మంలోంచి పంపించి, బయటినుంచి చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికి వచ్చింది. మంటలు ముందువైపే అనుకుని యజమాని లోపలినుంచి ఈ తలుపు మీద పడ్డాడు. సందులోంచి వేళ్ళు బయటికొచ్చాయి.

"తియ్యమ్మా! నీకు దండం పెడతా, తియ్యి!"

ఆమె తాళంచెవిని కొంగుతో తీరిగ్గా తుడిచింది.

"మంటల్లేవు సార్, డ్రిల్లే. మా అక్క కూడా ఇలాగే బతిమాలి ఉంటుంది. ఆ రోజు తాళంచెవి మీ జేబులో ఉంది."