కాల్చానని చెప్పిన చీటీ

పన్నెండేళ్లుగా నేను ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. పలకడానికి ఒక్క ఊపిరి చాలింది. కానీ దాన్ని నమ్మిన మనిషి మంచివాడు. బరువంతా అక్కడుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్లతో అయితే నేను వాదిస్తాను. ఎమ్మిగనూరు సంతలో నాతో మాట పెట్టుకోవడానికి కూరగాయల వాళ్లు జంకుతారు. బెండకాయ విరిచి ముదురని రుజువు చేసేదాకా వదలను. ఈ విషయంలోనూ ఇన్నేళ్లు నాతో నేనే వాదించుకున్నాను. ప్రతిసారీ గెలిచాను. గెలిచిన ప్రతిసారీ ఎందుకో సిగ్గేసింది. అందుకే ఈసారి వాదించను, చెబుతాను. మధ్యలో వాదనలోకి దిగితే అది అలవాటు అనుకోండి.

ఇంకో మాట. నేనేమీ కుమిలిపోతూ లేను. బడిలో ఉద్యోగం బాగుంది, మోకాళ్లు అంత బాగాలేవు, మా వీధి కొళాయిలో పొద్దున్నే నీళ్లొస్తాయి. ఆ నీళ్ల చప్పుడు వింటూ కాఫీ తాగడం నాకిష్టం. ఆ నీళ్లతోనే మొదలుపెట్టాలి.

డెబ్బైల్లో, ఆదోనిలో బి.ఏ. ముగించి నేను ఈ ఊరికి టీచరుగా వచ్చిన కొత్తలో, మా చర్చికి పెద్దకడుబూరు నుంచి ఒక పాస్టరు వచ్చారు. పేరు రాయను. ఊరంతా అయ్యగారనే పిలిచేది. మా వీధుల్లో అప్పుడు నాలుగు రోజులకొకసారి నీళ్లు. వరుసలో పెట్టిన బిందెల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునేవాళ్లు. అయ్యగారు వచ్చిన నెలలోనే ఒక కొట్లాట విడదీయబోయి, నుదుటికి బిందె తగిలించుకున్నారు. ఆ వాపుతోనే మరుసటి రోజు మునిసిపల్ ఆఫీసుకు పోయి బెంచీ మీద కూర్చున్నారు. అర్జీ నేను రాశాను. ఆయన ఓపిక, నా ఇంగ్లీషు. అట్లా ఏళ్ల తరబడి మేమిద్దరం ఆ ఆఫీసును సతాయించాం.

ఎనభైల మొదట్లో ఆయన మా వార్డు కౌన్సిలరు అయ్యారు. గొర్రెల కాపరికి మునిసిపాలిటీ ఎందుకని సంఘ పెద్దలు గొణిగారు. గొర్రెలకు నీళ్లు వద్దా అని నేనడిగాను. తర్వాత కొన్నేళ్లకు, చైర్మన్‌ను జనమే నేరుగా ఎన్నుకునే పద్ధతి వచ్చింది. నిలబడమని ఆయన్ను ఒప్పించింది నేనే. నిజం చెప్పాలంటే ఒప్పించలేదు, నోరు పెట్టుకుని విసిగించాను.

ఇప్పుడు ప్రార్థన పెట్టె గురించి చెప్పాలి.

చర్చి వాకిలి పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది, మూతకు చీలిక కోసి. కష్టం ఉన్నవాళ్లు చీటీ రాసి అందులో వేస్తే, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ముందు అయ్యగారు ఒక్కొక్క చీటీ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. చర్చివాళ్లే కాదు, మగ్గాలవాళ్లు, తురకల వీధి ఆడవాళ్లు కూడా వేసేవాళ్లు. పేరు రాసేవాళ్లు కాదు, వీధి మాత్రం రాసేవాళ్లు. దేవుడు వచ్చి ఇల్లు వెతుక్కోవాలి గదా. చదివిన చీటీలు అక్కడే పొయ్యిలో వేసి కాల్చాలి. ఒకరి చీటీ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. ఆ పెట్టెకున్న కట్టు అదొక్కటే.

అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, బతికున్నన్నాళ్లు చీటీలు ఆమె చదివి వినిపించేది. ఆమె పోయాక, అయ్యగారి కళ్లకు శుక్లాలు కమ్మాక, ఆ పని నాకొచ్చింది. నేను చదివేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించేవారు. ప్రార్థనలో ఆయనకు ఒళ్లు తెలిసేది కాదు. తర్వాత నేను కాల్చేదాన్ని.

ఎలక్షన్లలో ఆయనకు ఎదురు నిలబడింది నూలు నాగప్ప. నూలు కొట్టు ఉన్నవాడు, చెయ్యి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. చెడ్డవాడు కాదు. ఇది రాయడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. ఆయన భార్య గౌరమ్మ నా దగ్గరే చదువు నేర్చుకుంది. మధ్యాహ్నాలు చర్చి వసారాలో నేను ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించేదాన్ని. గౌరమ్మ వంట ముగించుకుని, కొంగుకు ఇంకా తిరగమోత వాసన ఉండగానే వచ్చేది. తలకట్లు గొడుగంత పెద్దవి పెట్టేది. ఏమే, నీ అక్షరాలకు ఎండ తగులుతుందా అని నేను ఎగతాళి చేస్తే నవ్వేది.

పోలింగు ఇంకా రెండు వారాలుందనగా, ఆ శుక్రవారం డబ్బాలో గొడుగుల తలకట్ల చీటీ ఒకటి వచ్చింది. పేరు లేదు. తన ఇంటాయనకు మూర్ఛ వస్తాందని, ఎవరికీ తెలీకుండా కర్నూలు డాక్టరుకు చూపిస్తాండామని, ఈ ఎలక్షన్ల తిరుగుడులో ఇప్పటికి రెండుసార్లు పడినాడని, ఇక చైర్మన్ అయితే మనిషి దక్కడని, ఆయన ఓడిపోయేటట్టు ప్రార్థన చేయమని.

చదివాను. అయ్యగారు ఆ చీటీ మీద చెయ్యి పెట్టారు. ఎప్పటిలా కళ్లు మూసుకున్నారు. కానీ ఆ రోజు గొంతు పెగల్లేదు. ఓడిపోవాలని కోరిన చీటీ మీద, గెలవాల్సిన మనిషి ఏమని ప్రార్థిస్తాడు? ఆయన పెదవులు కదిలాయి, అంతే. ఒక్క మాట కూడా బయటికి రాలేదు. పక్కనే ఉన్నాను, నాకు తెలుసు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మిగతా చీటీలన్నీ పొయ్యిలో వేశాను. ఆ ఒక్కటీ సంచిలో పెట్టుకున్నాను.

నోరు జారిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు. మూడు రోజులు ఆ చీటీ నా సంచిలో, పిల్లల పరీక్ష కాగితాల మధ్య ఉంది. నాలుగో రోజు గాజుల బీబమ్మ మా వీధికి వచ్చింది. ఊర్లో ఆమె అడుగుపెట్టని ఇల్లు లేదు. మైకు కట్టిన జీపు ఒక వీధి తిరిగేలోపు బీబమ్మ నాలుగు వీధుల్లో గాజులు తొడిగేది. నాకు అవసరం లేకపోయినా డజను ఎర్రగాజులు వేయించుకున్నాను. ఆమె నా చెయ్యి పిసుకుతుండగా, నీకొక్కదానికే చెబుతున్నానని మొదలుపెట్టాను. నాగప్ప ఓడిపోవాలని ఆయన పెండ్లామే చీటీ వేసిందట, శుక్రవారం అయ్యగారు ప్రార్థిస్తుంటే వాకిట్లో కూర్చున్నవాళ్లకు వినపడిందట, అన్నాను. 'అట' అన్నాను. బి.ఏ. చదివినదాన్ని, ఎక్కడ 'అట' పెట్టాలో నాకు బాగా తెలుసు.

ఓడిపోవాలని కోరిందని చెప్పాను. ఎందుకు కోరిందో చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? జబ్బు సంగతి బయటపెట్టడం పాపమని అనుకున్నానా? అదే అనుకున్నానని కొన్నాళ్లు నమ్మాను, నా దయకు నేనే మురిశాను కూడా. కాదు. ఎందుకో చెప్పుంటే ఊరు గౌరమ్మ వైపు తిరిగేది. నాగప్పకు జాలి ఓట్లు పడేవి. నాకు కావాల్సింది నవ్వు.

నవ్వారు. ఇంట్లో ఓటే పడనివానికి ఊర్లో ఓటెందుకు అని టీ బంకుల దగ్గర పాటకట్టినట్టు చెప్పుకున్నారు. నాగప్ప కొద్దిలో ఓడిపోయాడు. అయ్యగారి మెడలో దండ పడింది. ఆ సాయంత్రం నేను ఎగిరి గంతేశాను, అదీ దాచను. ఆ మాట లేకపోయినా గెలిచేవారేమో. ఇదిగో, మళ్లీ వాదన.

బీబమ్మను, నీకెవరు చెప్పినారని ఎంతమంది నిలదీసినా ఆమె నా పేరు చెప్పలేదు. గాజులమ్ముకునే ఆమెకు ఆ కట్టు ఉంది. నాకంటే గట్టిదే.

ఫలితాలు వచ్చిన వారానికి గౌరమ్మను ఆస్పరిలో పుట్టింటికి పంపించేశారని తెలిసింది. ఎవరు పంపించారంటే, నాగప్పే. నా ఓటమి కోరినదానితో కాపురమేమి అన్నాడట. ఆ మాట అయ్యగారి చెవినపడింది. ఆ శుక్రవారం, కొత్త చైర్మన్ మా చర్చి గదిలో నా ఎదుట కూర్చున్నారు.

"టీచరమ్మా, ఆ చీటీ కాల్చినావా?"

"కాల్చినాను, అయ్యగారూ."

ఆయన వాకిలి వైపు తిరిగారు.

"అట్లయితే అది నా నోట్లోనుంచే పోయినాది. వాకిలి తెరిచే ఉండె. ప్రార్థనలో నాకు ఒళ్లు తెలీదు గదా. గట్టిగా అంటినేమో. నువ్వు పక్కనే ఉంటివి. సెప్పమ్మా, అంటినా?"

"అన్నారేమో అయ్యగారూ. నాకు సరిగ్గా గుర్తులేదు."

ఆ 'ఏమో' దగ్గర నా గొంతు కొంచెం తడబడింది. ఆయన దాన్ని పట్టుకున్నారు, కానీ తలకిందులుగా పట్టుకున్నారు.

"నన్ను కాపాడాలని చూస్తాండావు. వద్దమ్మా. తప్పు నాదే."

ఇన్నేళ్లలో నాతో వాదించి గెలిచింది ఆయనొక్కడే.

ఆ మధ్యాహ్నమే ఆయన నాగప్ప కొట్టుకు నడిచిపోయారు. కొట్టు ముందు ఎండలో నిలబడి, నీ ఇంటామె రహస్యం నా నోటితో ఊరికి చేరింది, క్షమించు అన్నారట. చైర్మన్ వచ్చి నిలబడితే నూలు మోసే హమాలీలు మూటలు దించేసి చూశారట. నాగప్ప లోపలికి రమ్మనలేదు. అయ్యగారు మళ్లీ పోయారు. మళ్లీ మళ్లీ పోయారు. ఎన్నోసారికో లోపలికి పిలిస్తే, గౌరమ్మ ఎందుకు అట్లా కోరిందో నాగప్పకొక్కడికే చెప్పారు. ఏడాది దాటాక గౌరమ్మ తిరిగి వచ్చింది. నాగప్ప ఇప్పటికీ బతికే ఉన్నాడు, కొట్టులో కూర్చుని నూలు రేటు మీద గొంతు పెంచుతూనే ఉన్నాడు. గెలిచుంటే ఉండేవాడా? ఈ ప్రశ్న నాకు ఎంతో సుఖం ఇచ్చింది. ఇవ్వకూడని సుఖం.

అయ్యగారు మంచి చైర్మన్ అయ్యారు. కర్నూలులో కళ్లకు ఆపరేషన్ చేయించుకుని, అర్జీలన్నీ తనే చదవడం మొదలుపెట్టారు, పెదవి కదపకుండా. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి తలుపు వేసేవారు. మన మాట ఈయన దగ్గర నిలుస్తుందని జనం ప్రాణమిచ్చారు. మా వీధులకు పైపులు వచ్చాయి, ట్యాంకు వచ్చింది. కానీ చర్చిలో ఆయన మళ్లీ గొంతెత్తి ప్రార్థించలేదు. బిస్కెట్ల డబ్బా తీసేశారు. కళ్లు మూసుకుని, నోరు గట్టిగా బిగించి నిలబడేవారు. సంఘమంతా ఆయనలో భక్తి ముదిరిందనుకుంది. అది భయమని నాకొక్కదానికే తెలుసు, తన నోటి మీద తనకు భయం. దాన్ని ఆయనలో పెట్టింది నేను.

పదవీకాలం ముగిశాక, ఎంతమంది బతిమాలినా మళ్లీ నిలబడలేదు. పెద్దకడుబూరులో చిన్న చర్చికి పోయారు. మూడేళ్ల కిందట అక్కడే పోయారు. సమాధి దగ్గర ఎవరో, ఈయన నోరు దాటిన రహస్యం ఒక్కటీ లేదని చెబుతూ ఏడ్చారు. అది నిజం. అది నిజమని ఆయనకు ఒక్క మాట చెప్పుంటే చాలేది. ఎన్నిసార్లు బస్సెక్కి పోయాను ఆ ఊరికి! ఒకసారి అల్లనేరేడు పళ్లు తీసుకుపోయాను. అవి తిని, నాలుకలు నల్లగా చేసుకుని, వానల గురించి మాట్లాడుకుని వచ్చాం. ఆయన సంతోషంగానే ఉన్నారు. నేనూ సంతోషంగానే వచ్చాను. అదే నన్ను ఇప్పుడు తినేది.

గౌరమ్మ మాకు రెండు వీధుల అవతలే ఉంటుంది. కిందటేడు మనవరాలి టీసీ కోసం బడికి వచ్చింది. రిజిస్టరు జరిపి పెన్ను ఇచ్చాను. ఆమె పెన్ను పక్కన పెట్టి ఇంకు పెట్టె అడిగింది. సంతకం వచ్చు గదా అన్నాను.

"రాస్తే అది యాడికి పోతాదో, టీచరమ్మా," అని నవ్వి, బొటనవేలు ముంచి ముద్ర వేసింది.

కోపంగా అనలేదు. అయ్యగారి మీద కూడా ఆమెకు కోపం లేదు, పెద్దాయన, పొరపాటున అన్నాడు అంటుంది. నేను ఆమె నుంచి తీసుకున్నది నేను ఇచ్చిందే, ఆ గొడుగుల అక్షరాలు. ఆమె వెళ్లాక ఆ వేలిముద్రను చూస్తూ కూర్చున్నాను. గంట కొట్టినా లేవలేదు.

చీటీ ఇంకా నా బట్టల పెట్టెలో ఉంది. ఎన్నోసార్లు పొయ్యి దాకా పట్టుకుపోయాను. కానీ ఇప్పుడు కాలిస్తే, కాల్చినానన్న ఆ మాటను ఇప్పుడు నిజం చేసుకున్నట్టవుతుంది. అంత సులువుగా కానివ్వను. పెట్టెలోనే ఉండనీ.

గౌరమ్మ ఇంటికి పోయి ఇదంతా నోటితో ఎందుకు చెప్పవని మీరడుగుతారు. ఎదురుగా నిలబడితే నేను వాదిస్తాను. నీ మొగుడు బతికినాడు గదా, వీధికి నీళ్లు వచ్చినాయి గదా అంటాను. గెలుస్తాను కూడా. కాగితం మీద మాత్రం ఎదుటి మనిషి ఉండదు, ఓడించడానికి. ఇంత రాశాక ఛాతీలో ఏదో కొంచెం సర్దుకుంది. క్షమాపణ దొరికిందని కాదు. అడగనే లేదు. ఉన్నది ఉన్నట్టు ఒకచోట పెట్టాను, అంతే.

రాయడం మానేసిందిగానీ, చదవడం గౌరమ్మ మర్చిపోయి ఉండదు. పొట్లం కట్టిన కాగితాలు కూడా కూడబలుక్కుని చదివే మనిషి. ఇది ఎప్పుడో ఒకరోజు ఆమె చేతికి చేరవచ్చు. అందుకే ఆ డబ్బాలో చీటీలు వేసినవాళ్లు రాసినట్టే రాస్తున్నాను. పేరు లేదు. వీధి మాత్రం ఇదిగో: ఎమ్మిగనూరు, కొత్త ట్యాంకు వెనక వీధి, ఎర్రగాజుల టీచరమ్మ ఇల్లు.