హిల్మా తాళంచెవి

యేవ్లె ఊళ్లో మా అపార్ట్‌మెంటు కింద బట్టలుతికే గది ఉంది. ఇరవై నాలుగు కుటుంబాలకు రెండే మిషన్లు. ఆ గది తాళంచెవి హిల్మా సుందీన్ మెడలో వేలాడేది. గది బయటి పలక మీద పేరు రాసుకున్నవాళ్లు తమ వంతుకు ఆమె తలుపు తట్టి తాళంచెవి తీసుకోవాలి, పని కాగానే తిరిగి ఇచ్చేయాలి. పావుగంట ఆలస్యమైతే మాకు చాకిరేవు పెట్టేసేది.

హిల్మా ముప్పై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. “ఈ తాళంచెవే లేకపోతే నా తలుపు తట్టేదెవరే?” అని ఓసారి నాతో నవ్వుతూనే అంది.

గురువారాల్లో రెండో అంతస్తులో అల్గొత్ మేష్టారింట్లో చదువుల బృందం కూడేది. ఆ శీతాకాలం ‘మనిషికి ప్రభుత్వం ఎందుకు?’ అన్నది విషయం. సగం మంది యాలకుల బన్నుల కోసమే వచ్చేవాళ్లు. ఆ సగంలో నేనూ ఉన్నాను.

“పైన ఒక ప్రభువు లేకపోతే మనుషులు ఒకరినొకరు పీక్కుతింటారన్నాడు ఒక ఇంగ్లీషాయన,” అన్నారు మేష్టారు. “జెనీవాలో పుట్టిన ఇంకొకాయనేమో, మనిషి పుట్టుకతో మంచివాడే, కంచెలు వేయడం మొదలెట్టాకే చెడ్డాడన్నాడు. నేను జెనీవా పక్షం.”

“ఆ జెనీవా ఆయన బట్టలు ఎవరు ఉతికారో కనుక్కోండి మేష్టారూ,” అంది హిల్మా బన్ను నములుతూ. “ముప్పై ఏళ్లు అందరి మరకలూ చూశాను. మనిషిని నమ్మొచ్చు. తాళం వేశాక.”

“అదేం నమ్మకం హిల్మా! ఒక్క నెల ఆ గది తెరిచిపెట్టు. ఒక్క గొడవ జరిగినా ఇక నీ మాటే చట్టం.”

“జరక్కపోతే?”

“తాళంచెవి ఇచ్చేయాలి.”

అందరం చప్పట్లు కొట్టాం. బుద్ధిలేక నేనూ కొట్టాను.

ఫిబ్రవరంతా గది తెరిచే ఉంది. ఒక్క కేక వినపడలేదు. హిల్మా రోజుకు పదిసార్లు చెప్పులీడ్చుకుంటూ కిందికి దిగి, తప్పు దొరక్క మూతి ముడుచుకుని పైకెక్కేది. ఆమె తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు. మూడో మంగళవారం మా కవలల గుడ్డల బుట్టతో వెళితే మిషన్లు రెండూ ఖాళీగా, శుభ్రంగా తుడిచి ఉన్నాయి. మనిషి ఎంత మంచివాడో అనుకున్నాను.

నెలాఖరు గురువారం హిల్మా తాళంచెవి తీసి బన్నుల పళ్లెం పక్కన పెట్టింది. “గొడవ లేదు. ఓడాను,” అంది. చెయ్యి మాత్రం ఊరికే మెడ దగ్గరికి పోతోంది.

మేష్టారు దాన్ని ముట్టుకోలేదు. లోపలికెళ్లి మడతపెట్టిన చొక్కాలు తెచ్చారు.

“మొన్న మూడో మంగళవారం వంతు ఈ అమ్మాయిది,” అన్నారు నన్ను చూపించి. “పలక మీద పేరు చూసి కూడా నా బట్టలు వేశాను. మంచి పిల్లేగా, ఏమనుకోదులే అని! ఆపైన నిద్రపోయాను. లేచేసరికి ఇవి ఆరి, నా గుమ్మంలో ఉన్నాయి. ఈ ఆసుపత్రి మడత వేసేది బిల్డింగులో ఒక్కరే.”

హిల్మా మొహం ఎర్రబడింది. “తడిగుడ్డలు వదిలేస్తే వాసనొస్తాయి మరి!”

“అప్పుడే చెప్పుంటే గెలిచేదానివి కదా హిల్మమ్మా?” అన్నాను.

“చెప్తే నువ్వు ఈయన మీద పడేదానివి. పాపం, ముసలాయన.”

“అయితే నేనే ఓడాను,” అన్నారు మేష్టారు.

“గొడవెక్కడ జరిగింది? నేనే ఓడాను!”

“నా వాదం నేనే చెడగొట్టుకుంటే నువ్వెలా ఓడతావ్?”

“బడిపంతులు బుద్ధి పోనిచ్చారు కాదు! ఓడనివ్వరేం?”

ఆయన బల్ల గుద్దారు. కాఫీ ఒలికింది. పైవాళ్లు నేల మీద కర్రతో కొట్టారు.

“మేష్టారూ,” అన్నాను, “ఒక్క గొడవ జరిగినా హిల్మమ్మ మాటే చట్టమన్నారు. ఇదిగో, జరిగింది.”

హిల్మా తాపీగా ఇంకో బన్ను తీసుకుంది.

“అయితే వినండి. గది తెరిచే ఉంటుంది. కానీ ఉతుక్కున్నవాళ్లు నా తలుపు తట్టి, అయిందని చెప్పి పోవాలి.”

“ఎందుకు?” అన్నారు మేష్టారు.

“మనుషుల్ని నమ్మలేం.”

తర్వాతి మంగళవారం నా పని కాగానే వెళ్లి తలుపు తట్టాను. లోపల మేష్టారు కాఫీ తాగుతున్నారు. ఆయన వంతు శుక్రవారం.